కనబడని బెండు

వఫ్రాల శుక్రవారం.
తెల్లారిందో లేదో తెలుస్తలేదు.
టమాట డేరాలు లేవు, ఖర్జూరపు చెట్లు లేవు,
ముదీర్ ఫతీ గది కిటికీ కూడ లేదు –
అదొక్కటే మంచి సంగతి.
హౌజు కాడ గాలం వేస్తే తిట్టేది ఆ కిటికీయే.

దోసకాయల పెట్టె బోర్లించుకొని కూసున్న.
ఎర, రాత్రి మిగిలిన ఖుబ్బూసు,
నూనెల పిసికి, ఎల్లిపాయ రాసి.
ఈ ఎడారి చేపకు వానపాము సంగతి తెల్వదు.

పొగమంచు పడ్డనాడు బెండు పనికిరాదు.
మూడు మూరల అవతల నీళ్ళూ గాలీ ఒకటే రంగు,
నీళ్ళెక్కువైన మజ్జిగ రంగు.
కట్టె కింద పెట్టి
దారాన్ని చూపుడువేలికి చుట్టుకోవాలె.
ఆ పూటకు వేలే కన్ను.
ఇది నాకు నేర్పింది మా నడిపి చిన్నాయిన,
కడెం కాలువ మీద,
మాటలతోటి కాదు,
చలికి కొంకర్లు పోయిన నా వేలును
తన పిడికిట్ల పెట్టుకొని.

చలి మంచుకు చేప గుంజదు.
మూతి ఆనిస్తది, అంతే –
ముసలామె నిద్రల నశ్యం డబ్బీ తడిమినట్టు.
తొందరపడితే ఉత్త ముల్లు.
ఆగితే ఇంకోసారి తడుముతది.
బోరు నీళ్ళు పడే మూల గోరువెచ్చన,
అన్నీ ఆడనే ముసురుకుంటయి.
వీటిని ఫతీ బుల్తీ అంటడు,
బరిసాల్ దులాల్ తెలాపియా అంటడు,
నాకు జిలేబీలు.
ముళ్ళు అవే. పులుసు వేరే.

ఒకటి పడ్డది. అరచెయ్యంత.
రెండోదానికి దారం కదలనే లేదు.

మంచుల చప్పుడు దగ్గరికొస్తది,
రోడ్డు మీది లారీ నా భుజం రాసుకుంట పోయినట్టుంది.
కాని ఎప్పుడూ ఉండే మోత ఒకటి లేదు.
నీళ్ళకు గాలి కొట్టే మోటారు.
రాత్రంత తడి తాగి ఫ్యూజు పోయింది.

అప్పుడు వినబడ్డది:
చప్, చప్, చప్,
నీళ్ళ తోలు మీద వందల మూతులు.
ఒంగి చూస్తే నా కాళ్ళ కాడనే
గుండ్రంగ తెరిచిన తెల్లటి నోళ్ళు,
గాలిని అడుక్కుంటున్నయి.
చెయ్యి పెడితే బస్తా నిండుతది.
క్యాంపుల పదకొండు మందికి రెండు దినాల కూర.
ఎవరూ చూడరు.
పొగమంచు అకామా అడగదు.

చెయ్యి పెట్టిన, అబద్ధమెందుకు.
ఒకటి చేతులకొచ్చింది. కొట్టుకోలేదు, జారలేదు.
ఊపిరాడని దాన్ని పట్టుకునుడు వేట కాదు,
బస్సుల సోయి తప్పినోని జేబు వెతుకుడు.
వదిలేసిన.

ఎండిన ఖర్జూరపు మట్ట గుంజుకొచ్చి
నీళ్ళను కొట్టుడు మొదలుపెట్టిన.
బట్టలు ఉతికినట్టు,
ఎవరి మీదనో కోపమున్నట్టు,
జబ్బలు పడిపోయేదాక.
జరసేపటికి నేను ఆగిన.
చప్పుడు ఆగలేదు.

అవతలి గడ్డ మీద ఎవరో కొడుతున్నరు.
"దులాల్?" అని పిలవబోయి ఊకున్న.
పిలిస్తే నేనిక్కడ ఉన్నట్టు చెప్పుకున్నట్టే కద.
ఆ మనిషీ పిలవలేదు.
నేను కొట్టినప్పుడు అతను దమ్ము తీసుకునేది,
అతను కొట్టినప్పుడు నేను.
మధ్యల హౌజు ఎంత వెడల్పో
ఆ పూట లెక్క తప్పింది.

పదింటికి సూర్యుడు అరిగిన రాగిపైస లెక్క వచ్చిండు.
మోటారు దగ్గి, గుర్రుమన్నది.
నోళ్ళన్నీ కిందికి దిగిపోయినయి.
అవతల ఎవరూ లేరు.
తడిసిన మట్ట ఒకటి,
బోర్లించిన పెట్టె ఒకటి.

చాయ్ కాడ ఫతీ ప్యాంటు మోకాళ్ళ దాక తడి.
గడియారం పట్టీకి ఒక పొలుసు అతుక్కొని ఉంది.
నా వేలి మీది దారం గీత దిక్కు చూసిండు,
చక్కెర డబ్బా ఇటు జరిపిండు.
ఏనాడూ నన్ను పేరుతోటి పిలవడు, "హిందీ" అంటడు.
ఇయ్యాల అదీ అనలేదు.

ఒక చేప, పదకొండు మంది.
చింతపండు జర ఎక్కువ పిసికిన.